మాట్లాడే మిషనుకీ మన మాట తెలియాలి

ఇంటిపని అనగానే వంటా వార్పూ, బట్టలూ గిన్నెలూ అని లెక్క చెబుతారు అందరూ. రిపేరు చేసేవాళ్లను పిలిపించడం కూడా ఒక పనేనని మాత్రం ఎవరూ ఒప్పుకోరు. ఫ్రిజ్జు చల్లబడకపోయినా, వాషింగ్ మిషను నీళ్లు వదలకపోయినా, ఫిల్టర్‌లో నీళ్లు సన్నగా వచ్చినా ఫోను చేయాల్సింది మనమే. వాళ్లు వచ్చేదాకా గుమ్మం వంక చూస్తూ కూర్చోవలసిందీ మనమే. "పది నుంచి రెండు లోపల వస్తారండీ" అన్నారంటే ఇక ఆ నాలుగు గంటలూ బజారుకు వెళ్లలేం, కాసేపు నడుం వాల్చలేం. స్నానానికి వెళ్లాలన్నా ఎక్కడ బెల్లు కొడతారో అని బెంగే.

ఈ పిలిపించే పద్ధతి మన కళ్ల ముందే ఎన్నిసార్లు మారిందో చూడండి. ఒకప్పుడు సందు చివర షాపుకి పిల్లాడిని పంపితే మెకానిక్కు సైకిలేసుకుని వచ్చేవాడు. తర్వాత ఇంట్లో ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత "తెలుగు కోసం ఒకటి నొక్కండి, ఫిర్యాదు కోసం రెండు నొక్కండి" అనే రికార్డు గొంతు వచ్చింది. గ్యాసు బుక్ చేయడం పుణ్యమా అని దానికీ అలవాటు పడ్డాం. ఇప్పుడు ఇంకొకటి వస్తోంది. ఫోను ఎత్తగానే "నమస్కారమండీ, మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి" అంటుంది. ఏ నంబరూ నొక్కక్కర్లేదు. మనం మామూలుగా మాట్లాడితే చాలు, అది జవాబు చెబుతుంది, ఏ రోజు ఏ టైముకి మనిషిని పంపాలో అదే బుక్ చేస్తుంది. అవతల మాట్లాడేది అమ్మాయి కాదు, మిషను. దీన్నే ఏ.ఐ. ఏజెంటు అంటున్నారు. కొన్ని కంపెనీలు ఫోనులో పెట్టాయి, కొన్ని వాట్సాప్‌లో పెట్టాయి.

ఈ వారం దీని సంగతే చెప్పుకుందాం. ఎందుకంటే ఇది మన వంటింటిదాకా వచ్చేసింది. పైగా దీనితో మనకు లాభం ఎంత ఉందో, జాగ్రత్త పడాల్సిందీ అంతే ఉంది.

మాట వెనక రాత ఉంది

మిషను మనిషిలా మాట్లాడి టైము బుక్ చేయడం మరీ నిన్నా మొన్నటి ముచ్చట కాదు. 2018 మే నెలలో గూగుల్ సంస్థ అధిపతి సుందర్ పిచాయ్ అమెరికాలో జరిగిన తమ సభలో దీన్ని అందరికీ వినిపించారు. డూప్లెక్స్ అని దాని పేరు. జుట్టు కత్తిరించే సెలూన్‌కి అదే ఫోను చేసి టైము అడిగింది. మధ్యలో "ఊఁ" అని కూడా అంది! మాట్లాడుతున్నది మిషనని అవతలివాళ్లకు తెలిసే దారే లేదు. విన్నవాళ్లలో కొందరు చప్పట్లు కొడితే, కొందరు "మిషనని చెప్పకుండా మాట్లాడడం మోసం కాదూ?" అని నిలదీశారు. ముందుగా చెప్పేటట్టే చేస్తామని గూగుల్ మాటిచ్చింది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ కాల్స్‌లో నాలుగో వంతు దాకా మొదటినుంచీ మనుషులే చేస్తున్నారని 2019లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వచ్చింది. అంటే ఎంత గొప్ప మిషనుకైనా వెనకాల ఒక మనిషి ఉండాల్సిందేనన్నమాట.

అప్పుడు మిషను షాపులకు ఫోను చేసింది. ఇప్పుడు మనం కంపెనీకి ఫోను చేస్తే మిషను ఎత్తుతోంది. మరి దానికి మన ఫ్రిజ్జు సంగతీ, మెకానిక్కు తీరికా ఎలా తెలుస్తాయి అని నాకూ సందేహం ఉండేది. అది తీర్చింది మా మేనకోడలు. ఆ పిల్ల ఉద్యోగమే అది. ఇలా సర్వీసు కాల్స్ బుక్ చేసే సాఫ్ట్‌వేర్ ఏ పని ఎలా చేయాలో వివరంగా రాసిపెట్టడం. డాక్యుమెంటేషన్ అంటారట. మొన్న పండక్కి వచ్చినప్పుడు కాగితాల మీదకెక్కించి తెచ్చి, "అత్తయ్యా, కాస్త చదివి పెట్టవూ" అంది. "నేను ఇంటర్‌తో ఆపేసినదాన్ని, సాఫ్ట్‌వేర్ నాకేం తెలుసే?" అన్నాను. "సాఫ్ట్‌వేర్ మాకు తెలుసు. రిపేరుకి ఫోను చేసేవాళ్లు ఎలా మాట్లాడతారో నీకు తెలుసు" అంది. అదీ నిజమే అనిపించింది.

చదివితే అదేం బ్రహ్మవిద్య కాదు. మన వంటల పేజీలాగే ఉంది. కావలసిన పదార్థాలు, తయారుచేసే విధానం! ఆ మిషను చేతికి ఆరు పనిముట్లు ఇచ్చారు. ఫోను నంబరు చూసి మనమెవరో కనుక్కోవడం ఒకటి. మన పిన్ కోడ్‌కి ఆ వస్తువు బాగుచేసే మనిషి ఉన్నాడో లేడో చూడడం రెండు. అతనికి ఏ రోజు ఏ టైము ఖాళీగా ఉందో చూడడం మూడు. ఆ టైము మన పేరున రాయడం నాలుగు. మార్చడం, రద్దు చేయడం అయిదు. తనవల్ల కానప్పుడు మనిషికి ఫోను అప్పజెప్పడం ఆరు. ఒక్కో పనిముట్టుకీ అది ఎప్పుడు వాడాలి, వాడేముందు మననుంచి ఏమేం అడిగి తెలుసుకోవాలి, వాడాక ఏం తిరిగొస్తుంది, ఏమీ రాకపోతే ఏం చేయాలి అని వరసగా రాసి ఉంది.

ఒక వాక్యం మాత్రం లావు అక్షరాల్లో ఉంది. "బుకింగ్ నంబరు రాకముందు బుక్ అయిందని చెప్పరాదు." ఇది ఎందుకింత గట్టిగా రాశావని అడిగాను. ఈ మిషన్లకు మాటలు అల్లడం బాగా వచ్చు కదా, రాయకపోతే ఒక్కోసారి టైము బుక్ కాకుండానే "బుక్ అయిందండీ, సంతోషం" అని తియ్యగా చెప్పేస్తాయట. అప్పుడు అర్థమైంది నాకు. మా పై వాటాలో పిన్నిగారికి సరిగ్గా ఇదే జరిగింది. ఫ్రిజ్జు పాడైతే ఒక కంపెనీకి ఫోను చేసింది. "మీ ఇబ్బంది అర్థమైందండీ, మా మనిషి రేపు వస్తారు" అంది గొంతు. రేపు వెళ్లి ఎల్లుండి వచ్చింది, మనిషి మాత్రం రాలేదు. మళ్లీ ఫోను చేస్తే అసలు ఫిర్యాదే లేదన్నారు. పాలూ పెరుగూ పోతే పోయాయి, నలభై ఇళ్లకు పంచాల్సిన సత్యనారాయణ వ్రతం కొబ్బరి చిప్పలన్నీ బూజు పట్టాయని ఆవిడ బాధ.

'తగినంత' అంటే ఎంత?

మన వంటల్లో "ఉప్పు తగినంత" అని రాస్తాం. చదివేది మన చెల్లో, వదినో కాబట్టి సరిపోతుంది. ఆమె చెయ్యికి తెలుసు ఎంత వేయాలో. మిషనుకి అలా రాస్తే కుదరదు. దానికి చెయ్యి లేదు, నాలుక లేదు. రాసిందే తెలుసు. మా మేనకోడలు కాగితాల్లో "అర్జెంటు అయితే అదే రోజు మనిషిని పంపాలి" అని ఉంది. ఏది అర్జెంటు? "వస్తువు పూర్తిగా పనిచేయకపోతే అర్జెంటు. పనిచేస్తూ చిన్న ఇబ్బంది ఉంటే మూడు రోజుల్లోపు" అని ఉంది.

అప్పుడు అడిగాను. "ఏమే, గీజరు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వేడినీళ్లు వస్తున్నాయి. కానీ కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. నీ మిషను ఏం చేస్తుంది?"

ఆ పిల్ల ఒక్క నిమిషం మాట్లాడలేదు. గీజరు పనిచేస్తోంది కాబట్టి చిన్న ఇబ్బంది కింద రాసుకుని, గురువారం పది నుంచి పన్నెండు మధ్య టైము ఇస్తుంది. ఈలోగా ఆ ఇంట్లో వాళ్లందరూ ఆ తడి చేతులతో ఆ కుళాయినే తిప్పుతారు.

కుళాయి జివ్వుమనడం అంటే కరెంటు నీళ్లలోకో, గీజరు ఒంటిమీదికో వస్తోందన్నమాట. లోపలి హీటింగ్ కాయిల్ పాడైనా, ఎర్తింగ్ సరిగా లేకపోయినా అలా అవుతుంది. ఈ రోజు జివ్వుమన్నది రేపు ప్రాణం తీయొచ్చు. కానీ మనలో ఎంతమంది ఫోను చేసి "ఎలక్ట్రిక్ షాక్ వస్తోంది" అంటారు చెప్పండి? "కాస్త చురుక్కుమంటోందండీ" అంటారు. "చెయ్యి లాగినట్టుంది" అంటారు. "తిమ్మిరెక్కినట్టు ఉంటోంది" అంటారు. మన భాష అది. అంత పెద్ద ప్రమాదాన్ని కూడా చిన్నగా, ఎదుటివాళ్లను కంగారు పెట్టకుండా చెప్పడం మనకు అలవాటు. మనిషైతే ఆ మాట వెనక ఉన్నది పట్టుకుంటుంది. మిషనుకి పట్టుకోమని ఎవరో ఒకరు రాయాలి.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక పట్టీ రాశాం. జివ్వుమనడం, చురుక్కుమనడం, షాక్ కొట్టడం, వైరు కమురు వాసన, ప్లగ్గు దగ్గర నల్లబడడం, మెరుపులు రావడం, పొగ, గ్యాసు వాసన. ఈ మాటల్లో ఏది వినపడ్డా టైము బుక్ చేయడం తర్వాత సంగతి. ముందు "దాన్ని ముట్టుకోకండి, మెయిన్ ఆపేయండి" అని చెప్పి, వెంటనే మనిషికి ఫోను కలపాలి. గ్యాసు వాసనైతే మాత్రం మెయిన్ కూడా ముట్టుకోమని చెప్పకూడదు. ఏ స్విచ్చీ వేయకూడదు, ఏదీ ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు బార్లా తీసి, బయటికి వచ్చి 1906కి ఫోను చేయమనాలి. గ్యాసు లీకుల కోసమే ఉన్న నంబరు అది. మీరూ ఇప్పుడే వంటింటి తలుపు మీద రాసిపెట్టుకోండి.

వాళ్ల ఆఫీసులో ఆ పట్టీ చేర్చారని తర్వాత ఫోను చేసి చెప్పింది. కానీ అన్ని కంపెనీల్లోనూ అలా రాసేవాళ్లుంటారని నమ్మకం ఏమిటి? అందుకే మనం మాట్లాడేటప్పుడే ప్రమాదమైతే ప్రమాదమని తేటగా చెప్పాలి. మొహమాటపడకూడదు. "కరెంటు షాక్ కొడుతోంది, మనిషితో మాట్లాడించండి" అనాలి. ఇంతకన్నా ముఖ్యమైన మాట ఈ వ్యాసంలో ఇంకొకటి లేదు.

రోజూ, టైమూ, అడ్రసూ

మనం వాడే మాటల్లో ఇంకొన్ని చిక్కులున్నాయి. బుధవారం నాడు "వచ్చే శుక్రవారం" అన్నామనుకోండి, అది ఎల్లుండా, ఆ పై వారమా? "భోజనాలయ్యాక రండి" అంటే ఒకరింట్లో ఒంటిగంట, ఒకరింట్లో మూడు. "పొద్దున్నే" అంటే పాలవాడొచ్చే టైమా, పిల్లలు స్కూలుకెళ్లాకా? కాబట్టి తారీకూ, వారమూ, గంటా మూడూ కలిపి చెప్పండి. "12వ తారీకు, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకి" అన్నట్టు. వారం ఒకటీ తారీకు ఒకటీ అయిపోతే అక్కడే తెలిసిపోతుంది.

అడ్రసు కూడా అంతే. "రామాలయం వెనక సందు, వేపచెట్టు పక్క మేడ" అనేది మనిషికి చక్కగా తెలుస్తుంది. మిషను ముందు చూసేది పిన్ కోడ్. మన దేశంలో ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. 5తో మొదలైతే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతాలు. అందులో ఒక్క అంకె తప్పితే మన ఫిర్యాదు వేరే ఊరి మెకానిక్కు ఖాతాలో పడుతుంది. అంకెలు ఒక్కొక్కటిగా చెప్పండి. వేపచెట్టు గుర్తు ఆఖర్న చెప్పండి, వచ్చే అబ్బాయికి అదే పనికొస్తుంది.

మాట్లాడే చోటు కూడా చూసుకోవాలి. పక్కన మిక్సీ తిరుగుతున్నా, కుక్కరు కూత పెడుతున్నా, టీవీలో సీరియల్ గోల ఉన్నా దానికి మన మాట సరిగా వినపడదు. ముందుగదిలోకి వచ్చి మాట్లాడండి. ఒక్కసారి ఒక్క ఇబ్బందే చెప్పండి. ఫ్రిజ్జు గురించి మొదలుపెట్టి, మధ్యలో మిక్సీ, చివర్లో ఏ.సి. అంటే మూడూ కలగాపులగం అవుతాయి. అన్నీ అయ్యాక "ఇప్పటిదాకా మీరు రాసుకున్నది ఒకసారి చదవండి" అని అడగండి. అది చదివితే తప్పుంటే దిద్దవచ్చు.

మిషను చెప్పిన మాట చెల్లుతుందా?

"మిషను ఏదో అంది, దానికి మేమేం చేస్తాం" అని కంపెనీవాళ్లు చేతులు దులుపుకుంటే? ఇలాంటి గొడవే కెనడా దేశంలో జరిగింది. 2022లో ఒక ప్రయాణికుడు అమ్మమ్మో నాయనమ్మో పోతే ఆఖరి చూపుకి విమానంలో వెళ్లాలనుకున్నాడు. అలాంటప్పుడు టికెట్టులో తగ్గింపు ఉంటుందా అని ఎయిర్ కెనడా వాళ్ల వెబ్‌సైటులో జవాబులిచ్చే మిషనుని అడిగాడు. ముందు టికెట్టు కొనుక్కుని తర్వాత 90 రోజుల్లోపు తగ్గింపు అడగొచ్చని చెప్పింది అది. తీరా అడిగితే కంపెనీ కుదరదంది. మిషను చేసిన పనికి మిషనుదే బాధ్యత అన్నట్టు వాదించింది కూడా! 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసింది. వెబ్‌సైటులో ఏ మూల ఉన్న మాటకైనా కంపెనీదే బాధ్యత అని, 800 డాలర్ల పైచిలుకు ఇప్పించింది.

అది కెనడా తీర్పు. మన కోర్టులకు అదే చట్టం కాదు. కానీ ఒక సంగతి ఎక్కడైనా ఒకటే. అతను గెలిచింది ఎందుకంటే, మిషను చెప్పిన మాటను ఫోటో తీసి దాచుకున్నాడు. స్క్రీన్‌షాట్ అంటారే, అదన్నమాట. "అది అలా చెప్పిందండీ" అని నోటిమాటగా అని ఉంటే ఎవరు నమ్మేవారు? వాట్సాప్‌లో అయితే ఆ మాటలన్నీ అలాగే ఉంటాయి, చెరిపేయకండి. ఫోనులో అయితే తారీకు, టైము, ఏం చెప్పిందో వెంటనే రాసుకోండి. ఎస్.ఎం.ఎస్. వస్తే దాచండి.

మన ఇంటి సర్వీసు పుస్తకం

మిషనుకి ఒక రాత ఉన్నట్టే మనకీ ఒకటి ఉండాలి. పిల్లల పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చాలు. ఒక్కో వస్తువుకి ఒక్కో పేజీ. అందులో ఇవి రాయండి.

* వస్తువు పేరు, కంపెనీ, మోడల్ నంబరు, సీరియల్ నంబరు. ఇవి వస్తువు మీదే స్టిక్కరు మీద ఉంటాయి. ఫ్రిజ్జుకి చాలావాటిలో లోపలి పక్కగోడ మీద ఉంటుంది, వాషింగ్ మిషనుకి వెనకవైపో, తలుపు అంచునో ఉంటుంది.
* కొన్న తారీకు, కొన్న షాపు, బిల్లు నంబరు. ఆ బిల్లుకి ఫోటో కూడా తీసిపెట్టండి. కొన్ని బిల్లుల మీద అక్షరాలు రెండేళ్లకే వెలిసిపోతాయి.
* గ్యారంటీ ఎప్పటిదాకా అన్నది. ఫ్రిజ్జుకీ ఏ.సి.కీ మొత్తం వస్తువుకి ఒక గడువు, కంప్రెసర్‌కి విడిగా ఎక్కువ గడువు ఉంటాయి. రెండూ విడివిడిగా రాయండి.
* ఏ ఫోను నంబరు ఇచ్చి కొన్నాం అన్నది. మిషను మనల్ని గుర్తుపట్టేది దానితోనే. కొన్నది అబ్బాయి నంబరు మీదైతే మన నంబరు నుంచి చేసినప్పుడు మనమెవరో దానికి తెలియదు.
* ఫిర్యాదు చేసిన తారీకు, ఫిర్యాదు నంబరు, వస్తానన్న టైము.
* వచ్చిన మనిషి పేరు, మార్చిన భాగం, ఇచ్చిన డబ్బు, దానికి రసీదు.

ఫిర్యాదు నంబరు చేతికి రాకుండా ఫోను పెట్టేయకండి. నంబరు లేదంటే ఫిర్యాదు లేనట్టే. ఈ పుస్తకం ఇంట్లో అందరికీ తెలిసేచోట ఉంచండి. మనం ఊరెళ్లినప్పుడు మగవాళ్లు ఫోను చేసి "ఫ్రిజ్జు మోడల్ ఏమిటి?" అని మనల్ని అడిగే బాధ కూడా తప్పుతుంది!

గుమ్మంలోకి వచ్చే మనిషి

టైము బుక్ చేసేది మిషనైనా, తలుపు తట్టేది మనిషే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, పగలంతా పసిపిల్లలతో ఉండే తల్లులు కాస్త జాగ్రత్తగా ఉండాలి. వచ్చే మనిషి పేరు ముందుగా ఎస్.ఎం.ఎస్.లో వస్తే అది చూసుకుని, అతని గుర్తింపు కార్డు చూసి లోపలికి రానివ్వండి. ఫిర్యాదు నంబరు ఎంతని అతన్నే అడగండి. నిజంగా కంపెనీ పంపిన మనిషైతే చెబుతాడు. పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పి ఉంచితే మంచిది.

పని పూర్తయిందని చెప్పడానికి కొన్ని కంపెనీలు మన ఫోనుకి ఒక కోడ్ పంపుతాయి. హ్యాపీ కోడ్ అని కూడా అంటున్నారు. గ్యాసు సిలిండరు తెచ్చే అబ్బాయికి చెబుతామే, అలాంటిదే. పని అయి, వస్తువు నడిపి చూసుకున్నాకనే ఆ కోడ్ చెప్పండి. "కోడ్ చెప్పండమ్మా, పార్టు తెచ్చి రేపు వేస్తాను" అంటే చెప్పకండి. కోడ్ చెప్పేస్తే మిషను లెక్కలో పని పూర్తయినట్టే. ఇక మన ఫిర్యాదు మూసేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద మోసం ఇంకొకటుంది. గూగుల్‌లో "ఫలానా కంపెనీ కస్టమర్ కేర్" అని వెతికితే దొంగ నంబర్లు కూడా వస్తాయి. తియ్యగా మాట్లాడి, "బుకింగ్‌కి పది రూపాయలు కట్టండి" అని లింకు పంపుతారు, లేదా ఫోనులో ఏదో యాప్ వేసుకోమంటారు. అది వేసుకుంటే మన ఫోను తెర మొత్తం వాళ్లకి కనబడుతుంది. పది రూపాయలతో మొదలై ఖాతా ఖాళీ అవుతుంది. నంబరు ఎప్పుడూ వస్తువుతో వచ్చిన పుస్తకంలోనుంచో, బిల్లు మీదనుంచో తీసుకోండి. డబ్బు తిరిగిస్తామని యూ.పి.ఐ. పిన్ కొట్టమంటే కొట్టకండి. పిన్ అనేది డబ్బు ఇవ్వడానికే కానీ పుచ్చుకోవడానికి కాదు. ఒకవేళ ఎవరైనా మోసపోతే సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం.

మాట వినకపోతే

కంపెనీ తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెలుగులో మాట్లాడవచ్చు. ఆన్‌లైన్‌లో సరుకులూ సేవలూ అమ్మే సంస్థలైతే 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదులు వినే అధికారి ఒకరుండాలి. మన ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడా పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మనం ఉండే ఊరు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లాలోనే వేసుకోవచ్చు. వస్తువుకి మనం ఇచ్చిన డబ్బు అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వెయ్యాలి. అక్కడ మొదట అడిగేది ఏమిటో మీకే తెలుసు. బిల్లూ, ఫిర్యాదు నంబరూ, తారీకులూ. అన్నీ మన నోటుబుక్కులోనే ఉన్నాయి కదా!

ఇదంతా చదివి మిషనంటే భయపడకండి. అర్ధరాత్రయినా, ఆదివారమైనా ఎత్తుతుంది, విసుక్కోదు, "లైన్లో ఉండండి" అని అరగంట పాట వినిపించదు. బుక్ చేసిన టైము మార్చాలన్నా బతిమాలుకోనక్కర్లేదు. మంచి సదుపాయమే. కాకపోతే దానికి రాసిందే తెలుసు. రాసేవాళ్లు ఆఫీసుల్లో కూర్చున్న చదువుకున్న పిల్లలు. వాళ్లకు సాఫ్ట్‌వేర్ తెలుసు కానీ కుళాయి జివ్వుమనడం, ఫ్రిజ్జు గురక పెట్టడం, మిక్సీ మూలగడం మనకే తెలుసు. మీ ఇళ్లల్లో, చుట్టాల్లో ఈ ఉద్యోగాలు చేసే పిల్లలుంటే వాళ్లను కూర్చోబెట్టి ఈ మాటలు చెప్పండి. "ఇవి రాశారా?" అని అడగండి. మనం చెప్పిన ఒక్క మాట ఆ కాగితంలోకి ఎక్కితే, మనకు ముఖం కూడా తెలియని ఏ ఇల్లాలో ఆ తడి చేతిని కుళాయి మీంచి వెనక్కి తీసుకుంటుంది.

మీ ప్రాంతంలో ఇలాంటి వాటిని ఏ మాటలతో చెబుతారో కార్డు ముక్క మీద రాసి పంపండి. శ్రీకాకుళంలో ఒకలా, కరీంనగర్‌లో ఒకలా, అనంతపురంలో ఒకలా ఉంటాయి కదా. అన్నీ కలిపి ఒక పట్టీ వేద్దాం. ఈలోగా ఆ నోటుబుక్కు మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. మొదటి పేజీ గీజరుదే కానివ్వండి.